ధారూర్ దాకా

‘ధారూర్ దాకా బాగుంటది. తర్వాత కొట్లాట.’

నా బ్లాగు మీద ఈ లోకంలో ఎవరైనా రాసిన సమీక్ష ఇదొక్కటే. రాసి పదిహేనేళ్ళయింది. ఇంటర్నెట్‌లో ఒక పేజీలో నా పేరు పక్కన ఇప్పటికీ ఉంది. నేను బ్లాగు రాయడం మానేసి ఎనిమిదేళ్ళు దాటింది కాబట్టి ఈ ముచ్చట కూడా మానిపోయిందనుకున్నాను. మొన్న పొద్దున ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఆ పాత బ్లాగు కింద ఒక వ్యాఖ్య పెట్టాడు. ‘అమ్మా, ఒక పాత లిస్టు ద్వారా మీ బ్లాగు దొరికింది. మీ పేరు పక్కన ధారూర్ అని రాసి ఉంది. ధారూర్ అంటే ఏమిటండీ?’

ధారూర్ అంటే స్టేషను నాయనా. వికారాబాద్‌లో బండెక్కి తాండూరుకు పోతుంటే మూడో వంతు దారిలో వస్తుంది. అంటే నా రాత మూడో వంతు దాకే బాగుంటుందని అర్థం. ఈ సంగతి ఒక కొత్త మనిషికి నా చేత్తో నేనే టైపు చేసి చెప్పాల్సి వచ్చింది చూడండి, అప్పుడు లేచింది కోపం. పదిహేనేళ్ళ కింద ఎంత లేచిందో అంతే లేచింది. అదే ఊపులో తాండూరుకు, ఆ సమీక్ష రాసిన మనిషి దుకాణానికి ఫోన్ కొట్టాను.

“పెండ్లి కార్డుల దుకాణమేనా?”

“అవును, చెప్పుండ్రి,” అన్నది ఒక ఆడపిల్ల గొంతు.

“మీ నాయనకియ్యి బిడ్డా ఫోను. వికారాబాద్ మేడం అని చెప్పు. గుర్తువట్టకపోతె కొట్లాట మేడం అను.”

“మా అబ్బా పోయి నాలుగు నెలలైంది ఆంటీ,” అన్నది ఆ పిల్ల.

ఆ అమ్మాయే మళ్ళీ అందుకుంది. “లిస్టు గురించేనా ఆంటీ? మీరు ఎప్పటికన్న అడుగుతరని అబ్బా చెప్పిండు. పాస్‌వర్డ్ నా దగ్గరున్నది. ధారూర్ తీసి తాండూరు అని పెట్టాల్నా? ఇప్పుడే మారుస్త.”

పదిహేనేళ్ళ కింద నేను పట్టుబట్టి అడిగింది అదే. ఒక్క ఫోన్‌లో గెలిచాను. ఓడిపోవాల్సిన మనిషి మాత్రం లేడు.

“ముట్టకు,” అన్నాను. “శనివారం నేనే వస్త. కూసొని మార్పిద్దాం.”

ఆయన పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. తన లిస్టులో తన పేరు ఎక్కడా వేసుకోని మనిషి పేరు నేను వేస్తే అది నాకు మర్యాద కాదు. తాండూరులో స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో, నాపరాయి బండల లారీల దుమ్ము పడే ఒక గల్లీలో ఆయన దుకాణం. అందరూ కార్డుల సాబ్ అనేవాళ్ళు. తెలుగులో, ఉర్దూలో, అవసరమైతే కన్నడంలో కూడా పెండ్లి కార్డులు కంప్యూటర్ మీద కూర్చేవాడు. అచ్చు మాత్రం వికారాబాద్ ప్రెస్సులో. కళ్ళద్దాలు ముక్కు కొసకు జారి ఉండేవి. వాటిని వేలితో కాక, ముక్కు ముడిచి పైకి ఎక్కించుకునేవాడు. తన మాట ఆయనకు కంపు కొట్టిందేమోనని ఎదుటి మనిషికి అనిపించేది. మొదటిరోజు నాకు అట్లనే అనిపించింది.

బ్లాగుల పిచ్చి ఎట్ల పట్టిందని తర్వాతెప్పుడో అడిగాను.

“ముప్పై ఏండ్ల సంది కార్డులు కొడుతున్న మేడం. అన్ని పేర్లే. ఫలానా వారి మనవరాలు, ఫలానా వారి పెద్ద కొడుకు, ముహూర్తం, విందు. ఆ పిల్లకు ఈ పిలగాడంటె ఇష్టమా, పెండ్లినాడు వాన వచ్చిందా, ఎవరన్న అలిగిండ్రా, ఒక్క ముక్క తెల్వది. కార్డు తీస్కపోతరు, బస్. జర కథ గావాలె గద మనిషికి.”

ఆ కథ ఆయనకు బ్లాగుల్లో దొరికింది. ఎక్కడెక్కడి మనుషులో తమ ఇంటి ముచ్చట, పని ముచ్చట, పిచ్చి ముచ్చట ఎవరూ అడగకుండానే రాసిపెట్టుకున్న పేజీలు. వెతుకుడు డబ్బాలో మాట కొట్టి వెతికేవాడు కాదు. ఒకరి బ్లాగులో పక్కన పెట్టిన లింకు పట్టుకొని ఇంకొకరి దగ్గరకు, అక్కడ వ్యాఖ్య పెట్టిన మనిషి పేరు నొక్కి మూడోవాళ్ళ దగ్గరకు పోయేవాడు. “నా బ్లాగు గూడ చేర్చుండ్రి” అని ఎవరైనా అడిగితే చేర్చేవాడు కాదు. “మిమ్ములను చదివెటోళ్ళు ఇంకొకరు ఎవరన్న ఉంటె, వాళ్ళ ఇంట్లకెళ్ళి నేనే వస్త,” అనేవాడు.

అట్ల దొరికినవాటికి ఒక పేజీ పెట్టాడు. దాని తల మీద ‘నేను చదివినవి. మీ ఇష్టం.’ అని ఉంటుంది. ఆ పేజీ చూస్తే నవ్వొస్తుంది. పసుపు మీద ఎర్రక్షరాలు, చుట్టూ పూల బార్డరు, ప్రతి లైనూ నడిమధ్యకు. తనకు వచ్చిన డిజైన్ అదొక్కటే. వందకు పైగా బ్లాగులను పెండ్లికి పిలిచినట్టు పెట్టాడు. ఒక్కో పేరు పక్కన ఒకటో రెండో మాటలు. బ్లాగు చేర్చాక ఆ రాసిన మనిషికి కబురు పెట్టేవాడు. నాకూ అట్లనే వచ్చింది. ‘మీ రాత చదివిన. లిస్టుల పెట్టిన. వచ్చి చూసుకోగలరు.’

పోయి చూసుకున్నాను. నన్ను ధారూర్‌లో దింపేశాడు.

అప్పుడు నేను తాండూరు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. వికారాబాద్ నుంచి రోజూ రైలు. నా బ్లాగంటే నాకు మహా గర్వం. కాలేజీలో ప్రిన్సిపాల్ నుంచి ఇంట్లో మా ఆయన దాకా అందరి లెక్కా అందులో తేల్చేదాన్ని. ఒక మధ్యాహ్నం క్లాసు అయిపోగానే అడ్రసు అడుక్కుంటూ ఆ గల్లీకి పోయాను. దుకాణంలో ఒక పెద్దమనిషి ప్రూఫు చూసుకుంటూ కూర్చున్నాడు. ధారూర్ ఆయన, బిడ్డ పెండ్లి.

“ఈ ధారూర్ దాకా అంటే ఏంది?” అన్నాను, నమస్తే లేదు ఏమీ లేదు.

ఆయన ముక్కు ముడిచి కళ్ళద్దాలు ఎక్కించుకున్నాడు. “కూసోండి మేడం. చాయ్ తాగుతరా?”

“చాయ్ తర్వాత. ముందు చెప్పండి.”

చెప్పాడు. వారానికి రెండు రోజులు పొద్దున మొదటి బండికి వికారాబాద్ పోతాడు, ప్రెస్సులో కార్డుల కట్టలు తీసుకొని తొమ్మిది గంటల బండికి వాపసు వస్తాడు. పోయేటప్పుడు ప్రూఫులు దిద్దుతాడు. వచ్చేటప్పుడు చేతిలో పని ఉండదు. అప్పుడు బ్లాగులు చదువుతాడు. తెర మీద కళ్ళు మండుతాయని, ఖరాబైన కార్డు కాగితాల వెనక వైపు అచ్చు తీసుకొని చదువుతాడు. వికారాబాద్‌లో మొదలుపెడితే, కాగితం మీంచి మొట్టమొదట తల ఎక్కడ లేస్తే ఆ బ్లాగు ఆ స్టేషనుది. ధారూర్, రుక్మాపూర్, తాండూరు. అప్పటికి లిస్టులో ఆ మూడే ఉండేవి.

“అంటే నా రాత మూడో వంతే బాగుందనా? మార్కులు వేయడానికి మీరెవరు?”

“మార్కులు ఎక్కడేసిన మేడం? తలకాయ లేసింది. రాసిన.”

“మీ తలకాయ లేస్తే నా తప్పా? మెడ నొప్పేమో.”

“ఒక్కటే మెడ మేడం నాది. అందరికీ అదే.”

ఇంకో దిక్కు నుంచి పట్టుకున్నాను. “కిటికీ పక్కన కూర్చుంటారు గదా. ధారూర్‌లో ఏదో కనపడి తల ఎత్తి ఉంటారు.”

“ధారూర్‌ల ఏమున్నది మేడం చూడనీకి?”

ప్రూఫు చూస్తున్న పెద్దమనిషి తలెత్తాడు. “ఏంది సాబ్, గట్లంటవ్? మా ఊర్ల ఏం లేదా?”

“అరే పటేలా, నిన్నన్లే! స్టేషన్ ముచ్చట.”

“స్టేషన్ మాత్రం మాది గాదా? ఉండు, ఈ కార్డుల మా ఊరి పేరు జర పెద్దక్షరాలల్ల కొట్టు ఇప్పుడు.”

ముగ్గురం నవ్వాం. నేను వెంటనే మానేశాను. నవ్వడానికి రాలేదు గదా. ఆయన మాత్రం ఆ నవ్వులోనే, గొంతు ఏమీ మార్చకుండా, అసలు సంగతి చెప్పాడు.

“మొదాల్ మొదాల్ మీరు మస్తు చూపిస్తరు మేడం. కంది చేను, బస్టాండు, మీ అత్తమ్మ విస్తరి కుట్టుడు, నాకు కండ్లకు కనవడుతది. తర్వాత ఎవరినో ఒకరిని దొరకవట్టి తిడతరు. తిట్టుడు తప్పు గాదు. గని తిట్టేటప్పుడు మీరు చూసుడు బంద్ చేస్తరు. మీరు చూసుడు బంద్ చేస్తె నేను కిటికీలకెళ్ళి చూస్త. గంతే.”

చాయ్ తాగకుండా వచ్చేశాను.

ఇంటికి వచ్చి ఏం చేశానంటే, ఆ లిస్టులో నాకంటే దూరం స్టేషన్లలో ఉన్నవాళ్ళెవరో చూద్దామని కూర్చున్నాను. చదవడానికి కాదు, తప్పులు పట్టడానికి. ఒక్కొక్కరిని పట్టుకొని ‘ఇదిగో, దీనికంటే నాది ఎంత నయమో చూడండి’ అని సాక్ష్యాలతో పోదామని.

మొదట దొరికింది బొంరాస్‌పేట దిక్కు ఒకామె. లిస్టులో రుక్మాపూర్ కూడా దాటి తాండూరు కింద ఉంది. పక్కన ఆయన రాసిన మాట: ‘ఏడాదంతా ఒక్క కంది చేను గురించే రాస్తది. చేను మారదు. చదివిన మనం మారుతం.’ ఒక్క చేను గురించి ఏడాదంతా ఏం రాస్తుందని తెరిచాను. కంది పూతకు వచ్చినప్పుడు తేనెటీగలు ఏ పూటకు వస్తాయో రాసుకుంది. పురుగు పట్టిన ఆకు వెనక వైపు ఎట్ల ఉంటుందో రాసుకుంది. ఒక టపా మొత్తం, చేనుకాడ సద్ది తింటుంటే పక్క చేనాయన మాట్లాడకుండా వచ్చి ఎదురుగా కూర్చొని, మాట్లాడకుండా లేచి పోయిన ముచ్చట. ఎందుకొచ్చాడో ఆమె రాయలేదు. నాకు రెండు రోజులు అదే ఆలోచన. ఎందుకొచ్చాడు?

తర్వాత సరిహద్దు ఊరి బడిలో ఒక పంతులు. ఆయన స్టేషను రుక్మాపూర్. ‘పిల్లలు అడిగిన ప్రశ్నలు రాస్తడు. జవాబులు రాయడు, మంచి పని.’ ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు మాట్లాడే పిల్లలు అడిగే ప్రశ్నలు. ‘సార్, కలలో నేను ఏ భాషల మాట్లాడినానో నాకెట్ల తెలుస్తది?’ అని ఒక మూడో తరగతి పిల్ల అడిగిందట. ఆయన నిజంగానే జవాబు రాయలేదు.

ఇంకొకాయన రేడియోలు బాగుచేస్తాడు. ఏ ఊరో తెలియదు. ఆయన పక్కన ‘నాకు ఒక్క ముక్క అర్థం కాలే. రెండుసార్లు చదివిన.’ అని. ఒకావిడ కవిత్వం. ‘బండి కదలకముందే అయిపోయింది. మళ్ళ మొదలువెట్టిన.’

సాక్ష్యాల కోసం మొదలుపెట్టిన పని అది. నెల తర్వాత చూసుకుంటే నా దగ్గర సాక్ష్యాలు లేవు. పొద్దున లేచి ఇవాళ ఎవరింటికి పోదామా అని చూసే అలవాటు మాత్రం ఉంది. వీళ్ళెవరూ నాకు ఎక్కడా కనపడేవాళ్ళు కాదు. వెతికితే దొరికేవాళ్ళు కాదు, ఏ మాట కొట్టి వెతుకుతాను? ఒక మనిషి తన మెడతో కొలిచి చెప్పాడు కాబట్టి దొరికారు. ఈ మాట ఆయనకు చెప్పానా అంటే, లేదు. ఆయన దగ్గరకు పోయినప్పుడల్లా నా స్టేషను మార్చమని అడగడమే.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక పోతే ఆయన దొరికేవాడు గానీ మాట్లాడేవాడు కాదు. సగం షటరు దించి, లిస్టులో ఉన్న ప్రతి లింకూ తన చేత్తో నొక్కి చూసేవాడు. తెరుచుకుంటే చిన్నగా తల ఊపేవాడు, గల్లీలో ఎవరో తెలిసినవాళ్ళు ఎదురైనట్టు. తెరుచుకోకపోతే పక్కన ‘ఇంట్ల లేరు’ అని రాసేవాడు. నాలుగైదు శుక్రవారాలు అట్లనే ఉంటే ‘ఊరికి పోయిండ్రు’ అని మార్చేవాడు. తీసెయ్యడం మాత్రం లేదు.

“పనికిరాని లింకు ఉంచి ఏం ఫాయిదా?” అన్నాను ఒకసారి.

“పంచిన కార్డు వాపస్ తీసుకుంటమా మేడం?”

“మరి నేను రాయడం బంద్ చేస్తే?”

“మీరా? బంద్ చేస్తరా?” అని నవ్వాడు. ఆ నవ్వు చూసే బంద్ చేశానని కాదు. కొంత ఒళ్ళు బరువు, కొంత ఫోన్లో గ్రూపులు వచ్చాక అక్కడే పోట్లాడుకోవడం తేలికైంది. కానీ తల్చుకున్నప్పుడల్లా ఆ నవ్వు గుర్తొచ్చేది.

“మీరెందుకు రాయరు?” అని కూడా అడిగాను. “అందరిని కొలుస్తారు గదా.”

“అందరు రాస్తె ఎట్ల మేడం? చదివెటోడు ఒక్కడన్న ఉండాలె.”

ఇక రైలు ముచ్చట. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

నాలుగేళ్ళు అదే తొమ్మిది గంటల బండిలో ఆయనా నేనూ పోయామని దుకాణానికి పోయిన తర్వాత గాని నాకు తెలియలేదు. ఆ తర్వాత మాత్రం ఎక్కగానే వెతికేదాన్ని. ఒకరోజు ఎదురు వరుసలో కిటికీ పక్కన దొరికాడు. ఒళ్ళో పురికొసతో కట్టిన కార్డుల కట్ట, దాని మీద చదివే కాగితాలు. నన్ను చూసి తల పంకించి, చదవడంలో పడిపోయాడు. నేను ఆయన తలనే చూస్తూ కూర్చున్నాను. ఎక్కడ లేస్తుందో చూద్దామని.

ధారూర్ వచ్చింది. పల్లీలమ్మే ఆమె ఆయన మోకాలికి తగిలి మరీ పోయింది. తల లేవలేదు. రుక్మాపూర్ వచ్చింది. ఎవరిదో మేకపిల్ల అరిచింది. లేవలేదు. తాండూరు దగ్గర పడుతుంటే జనమంతా లేచి నిలబడ్డారు, సంచులు తలల మీదుగా పోతున్నాయి. ఆయన పేజీ తిప్పాడు.

బండి ఆగింది. నేను ఆయన పక్క నుంచే దిగాలి. “సాబ్, తాండూరు.” రెండే మాటలు. నా నోట్లోకి వచ్చాయి కూడా. అనలేదు.

ఎందుకనలేదు? ఎవరి రాతో అది అన్న కుతూహలం ఒకటి. దాన్ని ఒప్పుకోవడం తేలిక. రెండోది కూడా ఉంది. నన్ను ధారూర్‌లో దింపిన మనిషి, ఇంకెవరి రాత కోసమో తన ఊరే మర్చిపోయి కూర్చున్నాడు. పోనీ, ఎంత దూరం పోతాడో పోనీ అనుకున్నాను. దిగి, ప్లాట్‌ఫారం మీద నిలబడి, బండి కదిలేదాకా చూశాను. కిటికీలో ఆ వంచిన తల, ఒళ్ళో ఎవరి పెండ్లికో చేరాల్సిన కార్డులతో సహా, కర్ణాటక దిక్కు పోయింది.

ఆ రోజు క్లాసులో ఏం చెప్పానో నాకే తెలియదు.

సాయంత్రం లిస్టు తెరిచాను. అడుగున కొత్తగా, తాండూరు దాటాక కర్ణాటకలో వచ్చే నాలుగో స్టేషను పుట్టింది. సేడం. దాని కింద ఒకే ఒక్క బ్లాగు, పరిగి బస్సు కండక్టరుది. ‘బస్సుల జనం మర్చిపోయిన సామాన్ల ముచ్చట. చదివేటప్పుడు మీ సామాను జర చూసుకోండి.’

మర్నాడు గల్లీలో విన్నాను. పెండ్లివాళ్ళు పొద్దున నుంచి దుకాణం ముందు కూర్చున్నారట, మధ్యాహ్నం ఆయన సేడం నుంచి దొరికిన బండి పట్టుకొని వచ్చేసరికి నోటికొచ్చినట్టు అన్నారట. ఆయన అందరి ముందూ చేతులు జోడించాడట. ఆ మాట విన్నాక ఆ గల్లీకి నేను పోవడం తగ్గించాను. వికారాబాద్‌కు బదిలీ వచ్చాక అసలు పోనేలేదు.

మొన్న శనివారం బండెక్కాను. అదే తొమ్మిది గంటల బండి. ఖాళీ చేతులతో పోతానా? నా బ్లాగులో అన్నిటికంటే మంచిదని నేను నమ్మిన టపా అచ్చు తీసుకొని పోయాను. తండ్రి లేకపోయినా సరే, బిడ్డ ముందైనా నా కేసు గెలవాలి గదా, ఊరికే దానం తీసుకున్నట్టు ఉండొద్దు. అది మా ఇంట్లో పరిచిన తాండూరు బండల గురించి రాసింది. బండి కదలగానే చదవడం మొదలుపెట్టాను.

బాగుంది. నిజంగా బాగుంది, నేను రాశానని కాదు. ఎండాకాలం మధ్యాహ్నం తడిబట్టతో తుడిచిన బండల మీద మా అత్తమ్మ చెంప ఆనించి పడుకోవడం, లేచాక ఆ చెంప మీద బండ గరుకు అచ్చు పడి ఉండటం, ఆ అచ్చు చూసి నా బిడ్డ నవ్వడం. ఆ తర్వాత, బండలు తీసేసి టైల్స్ వేయించుకున్న మా తోడికోడలు వచ్చింది. ఆమెకు అభిరుచి లేదని ఒక పేరా. అభిరుచి లేని జనమంతా ఎట్ల పెరిగిపోయారని ఇంకో పేరా. టైల్స్ కంపెనీలు. ప్రభుత్వం. మనస్తత్వం. ఏ టైల్ ఏ రంగో, దాని మీద కాలు పెడితే ఎట్ల ఉంటుందో ఒక్క ముక్క లేదు. మా అత్తమ్మ ఏమైపోయింది?

చల్లగాలి తగిలి చూస్తే, బండి ఆగి ఉంది. కిటికీలోంచి బోర్డు కనపడుతోంది. పసుపు మీద నల్లక్షరాలు.

ధారూర్.

నా తల ఎప్పుడు లేచిందో నాకు తెలియదు.

బిడ్డ దుకాణం బాగా నడుపుతోంది. ఇప్పుడు కాగితం కార్డుల కంటే ఫోన్లో పంపే వీడియో కార్డులే ఎక్కువట. నన్ను చూడగానే ముక్కు ముడిచి కళ్ళద్దాలు పైకి ఎక్కించుకుంది. లిస్టు తెరిచి, నా లైను దగ్గర పెట్టి సిద్ధంగా ఉంచింది. పక్కనే ఒక కాగితాల కట్ట.

“ఇది మీదేనంట ఆంటీ. అబ్బా వేరే పెట్టిండు.”

అంతా నా రాతలే, పెండ్లి కార్డుల వెనక. ముందు వైపు ఎవరెవరివో పేర్లు, ముహూర్తాలు. ప్రతి టపా మార్జిన్‌లో పెన్సిల్‌తో స్టేషను పేరు. ధారూర్. ధారూర్. ధారూర్. ఒకే టపా మీద వేరే వేరే పెన్సిళ్ళతో మూడేసి సార్లు. నేను రాయడం మానేశాక కూడా, పాతవే మళ్ళీ మళ్ళీ పట్టుకుపోయి కొలిచాడు. ఒక్కదాని మీద మాత్రం రుక్మాపూర్ అని ఉంది. నా ప్రాణం లేచి వచ్చింది. దాని కింద ఇంకా చిన్నక్షరాలు. ‘వాన. కిటికీ మూసి ఉండె. లెక్కకు రాదు.’

పకపకా నవ్వాను. కండ్లు తుడుచుకున్నాను. మళ్ళీ నవ్వాను.

“మీ గురించి చానా చెప్పేటోడు అబ్బా,” అన్నది ఆ పిల్ల. “ఒకపాలి సేడం పోయిండు గద, ఆ రోజు మీరు అదే డబ్బల ఉన్నరంట. అందరు దిగుతుంటె మీరు పక్కపొంటి వచ్చి నిలవడ్డరంట, చూసిండంట గాని తల లేపలేదంట. మేడం నన్ను లేపలే బిడ్డా, చదివెటోన్ని లేపొద్దని ఎరుకైన మనిషి, చదువు విలువ, కదర్ తెలిసిన మనిషి అన్నడు.”

ఊరుకోవచ్చు. పోయిన మనిషి ఇచ్చిపోయిన మంచిపేరు, ఉంచుకుంటే అడిగేవాళ్ళు లేరు.

“కదర్ కాదు బిడ్డా,” అన్నాను. “కుళ్ళు. కావాలనే లేపలే.”

ఆమె నా మొహం చూసింది. “ఏదైతేంది ఆంటీ? పెండ్లోల్లు అన్ని మాటలన్నా ఆ రోజు అబ్బా మస్తు ఖుష్‌గ ఉండె. రాత్రి అన్నం తినుకుంట మా అందరికి ఆ కండక్టర్ ముచ్చట్లే చెప్పిండు.” కీబోర్డు దగ్గరకు జరిగింది. “చెప్పుండ్రి. తాండూరు అనాల్నా?”

తెర మీద నా లైను పక్కన గీత మిణుకుమిణుకుమంటోంది. ధారూర్ దాకా బాగుంటది. తర్వాత కొట్లాట.

“ఉండనీ,” అన్నాను. “ఒక్క అక్షరం ముట్టకు.”

“నిజంగనా? ఫోన్ల కూసొని మార్పిద్దామంటిరి గద?”

“అన్న. ఇప్పుడు వద్దంటున్న. దీని మీద గూడ కొట్లాడాల్నా నీతోని?”

చాయ్ తెప్పించింది. ఈసారి తాగాను. తాగుతుంటే బల్ల కింద అట్టపెట్టెలో ఇంకో దొంతర కనపడింది. దారంతో విడివిడిగా కట్టిన కాగితాలు, మార్జిన్లు ఖాళీ. ఏ స్టేషనూ లేదు.

“అవి చదవకముందే పోయిండు ఆంటీ. అచ్చు దీసి పెట్టుకున్నడు. నాకు ఓపిక లేదు, పారేయనీకి చేతులొస్తలేవు.”

పైన ఉన్న కట్ట ఒకటి తీసుకున్నాను. ఎవరో తెలియదు. మొదటి లైనులో వాళ్ళ ఊరి చెప్పులు కుట్టే ఆయన, జనం నడక చూసి ఏ చెప్పు ముందు తెగుతుందో చెప్పేవాడని ఉంది.

“పెన్సిల్ ఉందా బిడ్డా?”

మధ్యాహ్నం బండికి వికారాబాద్ తిరుగు ప్రయాణం. కిటికీ పక్కన సీటు దొరికింది. కిటికీ తెరిచే ఉంచాను, లెక్కకు రావాలి గదా. చదువుతూ ఉన్నాను. పెన్సిల్ చేతిలోనే ఉంది. ఆ చెప్పులు కుట్టే ఆయన దగ్గరకు ఒకరోజు ఒక ఆడమనిషి ఒక్క చెప్పే తెచ్చింది, రెండోది ఎక్కడని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు, పేజీ తిప్పాను.

ఎదురుగా కూర్చున్న ముసలమ్మ నా మోకాలు తట్టింది.

“ధారూర్ పోయిందా బిడ్డా?”

“చూడలేదమ్మా,” అన్నాను, కాగితంలోంచే.